కేసు కట్టలను ఎన్నేళ్లు దాచాలి? ట్రస్టులు, సంఘాలు, మిల్లులు గడువు ఎలా నిర్ణయించుకోవాలి

వానలు మొదలవకముందే, మే నెలాఖరులో మన గోదావరి జిల్లాల్లో చాలా ఆఫీసుల్లో దులుపుడు పని ఒకటి పెట్టుకుంటారు. అటక మీద, బీరువాల పైన, మెట్ల కింద పేరుకుపోయిన కోర్టు కట్టలను దించుతారు. అప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, "ఇవి ఇంకా ఎన్నాళ్లు దాచాలండీ?" అని. అక్కడున్న వాళ్లెవరూ గట్టిగా జవాబు చెప్పలేరు. సగం కట్టలు మళ్లీ అటకెక్కుతాయి, సగం పాత పేపర్ల బండెక్కుతాయి. ఏ కట్ట ఎటు వెళ్లాలో ఆ రోజు పనివాళ్ల ఓపికను బట్టి తేలిపోతుంది.

నేను కోనసీమలో ఒక ధర్మసంస్థ ఆఫీసులో ఇరవై ఏళ్లకు పైగా కోర్టు పనులు చూశాను. కొబ్బరి తోటలు, కొంత వరి భూమి, ఒక హైస్కూలు, అద్దెకిచ్చిన కొట్లు ఉన్న సంస్థ. అంటే కౌలుదారులతో పేచీలు, అద్దె బకాయిలు, గట్టు తగాదాలు, అప్పుడప్పుడు హైకోర్టులో రిట్లు. ఆ అనుభవంలో నేను నేర్చుకున్నది ఇది. కేసు ఫైలు మొత్తానికి కలిపి ఒకే గడువు పెట్టకూడదు. కట్టలో ఒక్కో కాగితానికి ఒక్కో ఆయుష్షు ఉంటుంది. ఆ ఆయుష్షును కేసు వేసిన రోజు నుంచి గానీ, తీర్పు వచ్చిన రోజు నుంచి గానీ లెక్కపెడితే తప్పుతుంది. ఆ కేసు నుంచి ఇక ఎవరికీ ఏ హక్కూ, ఏ బాకీ మిగలని రోజు నుంచి లెక్కపెట్టాలి. ఆ రోజును పట్టుకోవడమే అసలు పని. అది ఎలాగో వరుసగా చెబుతాను.

ముందు అన్నీ కిందికి దించి రిజిస్టరు రాయండి

ఉన్నదేమిటో తెలియకుండా గడువులు పెట్టలేం. ఒక పెద్ద రిజిస్టరు తీసుకుని కట్టకొక వరుస రాయండి. కోర్టు పేరు, కేసు నంబరు, సంవత్సరం, వాది, ప్రతివాది, తగాదా దేని మీద, మన తరఫు ప్లీడరు గారు ఎవరు, చివరిగా ఏం జరిగింది. ఈ-కోర్టుల్లో ఒక్కో కేసుకు ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే సీఎన్‌ఆర్ నంబరు ఉంటే అది తప్పకుండా రాయండి. ఈ-కోర్టుల వెబ్‌సైటులో కేసు స్థితి చూడటానికి అంతకంటే సులువైన దారి లేదు.

పాత కట్టల దగ్గర కోర్టు పేరు రాసేటప్పుడు జాగ్రత్త. 1954 దాకా మన ప్రాంతానికి హైకోర్టు మద్రాసులో ఉండేది. ఆ తర్వాత రెండేళ్లు గుంటూరులో, 1956 నుంచి హైదరాబాదులో, 2019 జనవరి 1 నుంచి అమరావతిలో. కట్టలో ఉన్న తీర్పు మీద ఏ హైకోర్టు పేరుంటే ఆ పేరే రాసి, పక్కన ఇప్పటి సంగతి రాసుకోండి. జిల్లాలదీ అదే చిక్కు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక "తూర్పు గోదావరి" అని రాస్తే రాజమహేంద్రవరం వైపా, అమలాపురం వైపా, కాకినాడ వైపా అన్నది తెలియదు. ఊరు, పాత తాలూకా, ఇప్పటి మండలం మూడూ రాయండి. భూమి కేసయితే సర్వే నంబరుతో పాటు, ఆ ఊళ్లో రీసర్వే పూర్తయి ఉంటే కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు కూడా. ఈ రెండు నంబర్లను కలిపి ఈ రోజు రాయకపోతే, పదేళ్ల తర్వాత ఆ తీర్పు ఏ చేనుదో చెప్పగలిగేవాళ్లు ఆఫీసులో ఉండరు.

ఈ పనిలోనే ఇంకో సంగతి బయటపడుతుంది. మన కేసుల కాగితాలు చాలా వరకు మన దగ్గర ఉండవు, ప్లీడరు గారి దగ్గర ఉంటాయి. కేసు అయిపోయినవన్నీ రసీదు ఇచ్చి వెనక్కి తెచ్చుకోండి. పెద్ద ప్లీడరు గారు పోయాక ఆయన గది ఖాళీ చేసిన రోజున మన దస్తావేజులు ఎక్కడికి వెళ్లాయో తెలియక తిరిగిన సంస్థలను నేను చూశాను. గుమస్తా గారిని బతిమాలి తెచ్చుకోవడం కంటే, కేసు ముగిసిన నెలలోనే అడిగి తెచ్చుకోవడం మర్యాద.

కోర్టులో దాఖలు చేసిన అసలు దస్తావేజుల సంగతీ అంతే. అప్పీలు గడువు దాటాక లేదా అప్పీలు తేలాక, అర్జీ పెట్టుకుంటే కోర్టు వాటిని తిరిగి ఇస్తుంది. "కోర్టులో భద్రంగా ఉంటాయిలే" అని వదిలేయకండి. కాలం తీరిన రికార్డులను నాశనం చేసే వీలు కోర్టులకు 1917 నాటి చట్టంలోనే ఉంది. మీరు అడగని కాగితం కోసం కోర్టు ఎప్పటికీ కాచుకుని ఉండదు.

కేసు నిజంగా ముగిసిందా?

రిజిస్టరులో "డిస్పోజ్డ్" అని రాసి ఉందని కేసు ముగిసినట్టు కాదు. ప్రతి కట్టకు ఈ ప్రశ్నలు వేసుకోండి.

అప్పీలు గడువు దాటిందా? కింది కోర్టు డిక్రీ (తీర్పు ప్రకారం కోర్టు రాసిచ్చే ఆజ్ఞ) మీద జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టుకు వెళ్లాల్సిందయితే 90 రోజులు. రెండో అప్పీలుకు 90 రోజులు. హైకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లడానికి కూడా మామూలుగా 90 రోజులు. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు ఈ లెక్కలోంచి తీసేస్తారు. పైగా ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టే దారి ఎటూ ఉంది. మన కోర్టుల్లో ఏళ్ల ఆలస్యం తర్వాత కూడా అలాంటి అర్జీలు పడుతుంటాయి. అందుకే మా ఆఫీసులో ఒక నియమం పెట్టుకున్నాం. అప్పీలు గడువు ముగిసిన రోజుకు ఇంకో ఏడాది కలిపి, అప్పుడు ఈ-కోర్టుల సైటులో ఇరువైపుల వాళ్ల పేర్లతో వెతికి, ఏమీ లేదని తేలితేనే "ముగిసింది" అని రాసేవాళ్లం. చట్టం అలా చేయమనలేదు. మా జాగ్రత్త మాది.

డిక్రీ అమలయిందా? చాలామంది తప్పు చేసేది ఇక్కడే. డబ్బు డిక్రీ గెలిచాక బాకీదారు బయట మధ్యవర్తుల ముందు కట్టేస్తాడు, ఇద్దరూ కాఫీ తాగి విడిపోతారు. కానీ కోర్టు బయట జరిగిన చెల్లింపును కోర్టులో నమోదు చేయించకపోతే, అమలు చేసే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. మీరు కట్టినవాళ్లయితే 30 రోజుల్లో నమోదు చేయించమని అర్జీ పెట్టాలి. మీరు పుచ్చుకున్నవాళ్లయితే ఫుల్ శాటిస్‌ఫాక్షన్, అంటే బాకీ పూర్తిగా తీరిందని, కోర్టులో రాయించండి. అది రికార్డయిన రోజే ఆ కేసు ముగింపు తేదీ. దాని నకలు లేకుండా "కట్టేశారు" అన్న నోటిమాట మీద ఫైలు తీసేయకండి.

ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే అవతలివాళ్లు కోర్టుకు రాకుండానే ఇచ్చినది అయితే, వాళ్లు దాన్ని కొట్టేయించడానికి వచ్చే అవకాశం ఉంది. వాయిదాకు రాలేదని డిఫాల్టులో కొట్టేసిన దావా మళ్లీ లేవచ్చు. ఇవి రెండూ పైకి ముగిసినట్టే కనిపిస్తాయి, కాబట్టి రిజిస్టరులో వీటి పక్కన ఒక గుర్తు పెట్టండి.

గడువు లెక్క ఏ చట్టం మీద నిలబడుతుంది

ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి. 1963 నాటి లిమిటేషన్ చట్టమే మన లెక్కకు వెన్నెముక. ఒక హక్కు మీద ఎవరైనా ఎంతకాలం కోర్టుకు రావచ్చో, కనీసం అంతకాలం ఆ హక్కుకు సంబంధించిన కాగితం మన దగ్గర ఉండాలి.

ప్రామిసరీ నోటు, అద్దె బకాయి, సరుకు బాకీ లాంటివాటికి 3 ఏళ్లు. అందరికీ తెలిసిన లెక్కే. కానీ గడువు లోపల నోటు వెనక చెల్లు, అంటే కొంత కట్టినట్టు, రాయించి సంతకం పెట్టించుకుంటే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. బాకీ ఉందని ఒప్పుకుంటూ సంతకం చేసిన ఉత్తరం కూడా అంతే. అందుకని నోటు తేదీని చూసి "మురిగిపోయింది" అని తేల్చేయకూడదు. వెనక్కి తిప్పి చివరి చెల్లు ఎప్పటిదో చూడాలి. మా సంస్థలో ఒక కుర్రాడు కాలదోషం పట్టిందని పక్కన పడేసిన నోట్లలో రెండింటికి వెనక చెల్లు ఉంది. చెత్త సంచిలోంచి తీసుకున్నాం.

డిక్రీ అమలుకు, అంటే ఈపీ వేయడానికి, 12 ఏళ్లు. డిక్రీ అమలుకు వీలైన రోజు నుంచి లెక్క. అప్పీలులో పై కోర్టు విచారించి తీర్పు ఇస్తే పై కోర్టు డిక్రీ తేదీ నుంచి. మధ్యలో స్టే ఉంటే ఆ కాలం తీసేసి లెక్క. ఉదాహరణకు అసలు దావాలో 2017లో గెలిచారు, అవతలివాళ్ల అప్పీలును 2021లో విచారించి కొట్టేశారు అనుకోండి. 2017 నుంచి లెక్కపెట్టి 2029లో ఫైలు తీసేస్తే నాలుగేళ్లు ముందే చేతులు కోసుకున్నట్టు. 2033 దాకా అది బతికున్న డిక్రీ.

కరోనా కాలం లెక్క కూడా గుర్తుంచుకోవాలి. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న రోజులను లిమిటేషన్ లెక్కలోంచి మినహాయించమని సుప్రీంకోర్టు చెప్పింది. మీ గడువు ఆ రెండేళ్ల మీదుగా పోతుంటే, మీ లెక్క కంటే అవతలివాళ్ల గడువు పొడవుగా ఉండొచ్చు. అలాంటి కట్టలకు గడువు మీ అంతట మీరు వేయకుండా ప్లీడరు గారిని అడిగి రాయండి.

ఇంజంక్షన్లలో పెద్ద తేడా ఉంది. మా చేనులోకి రావద్దు అని ఇచ్చిన శాశ్వత ఇంజంక్షన్ అమలుకు కాలపరిమితి లేదు. మనవళ్ల కాలంలో గట్టు దాటి వచ్చినా ఆ డిక్రీ పనికొస్తుంది. అదే, కట్టిన గోడ తీసేయి అని ఇచ్చిన మాండేటరీ ఇంజంక్షన్‌ను 3 ఏళ్లలో అమలు చేయించుకోవాలి. పైకి రెండూ ఇంజంక్షన్ డిక్రీలే. ఒకదాన్ని ఎప్పటికీ దాచాలి, ఇంకొకదాన్ని వెంటనే వాడుకోవాలి.

భూమి స్వాధీనానికి 12 ఏళ్లు. తనఖా విడిపించుకునే దావాకు 30 ఏళ్లు. ప్రభుత్వం వేసే దావాకు కూడా 30 ఏళ్లు. కాలువ గట్టు, పుంత, డ్రెయిన్ పోరంబోకు పక్కన భూమి ఉన్న ప్రతి సంస్థా ఈ మాట గోడ మీద రాసుకోవాలి. డెల్టాలో నీళ్ల శాఖ హద్దుకు ఆనుకోని భూమి ఎంతుంటుంది గనక?

మైనర్ వాటా ఉన్న భూమిని సంస్థ కొని ఉంటే ఆ కట్టను విడిగా పెట్టండి. గార్డియన్ చేసిన అమ్మకాన్ని రద్దు చేయమని ఆ పిల్లవాడు మేజరయ్యాక 3 ఏళ్లలో రావచ్చు. కొన్నప్పుడు వాడికి రెండేళ్లయితే, మరో 19 ఏళ్లు ఆ కాగితాలు కదలకూడదు. ఇక ట్రస్టు ఆస్తిని కాపాడాల్సిన ధర్మకర్తే దాన్ని సొంతం చేసుకుంటే, అతని మీద ఆ ఆస్తి కోసం వేసే దావాకు కాలపరిమితే లేదు. గుడి, సత్రం, చౌల్ట్రీ ఆస్తుల కేసులను శాశ్వతం కింద పెట్టమని నేను పట్టుబట్టేది అందుకే.

లంక భూముల సంగతి కూడా చెప్పాలి. ఏరు ఒకవైపు కోసుకుపోతుంది, ఇంకోవైపు మేట వేస్తుంది. తాత కాలంలో నీళ్ల పాలైన భూమి మనవడి కాలంలో పైకి తేలుతుంది. తేలిన రోజున పాత తగాదా కూడా తేలుతుంది. అప్పుడు కావలసింది తీర్పు కంటే ఎక్కువగా ఆ తీర్పుకు జతచేసిన కమిషనర్ స్కెచ్, అంటే కోర్టు పంపిన కమిషనర్ చేను చూసి గీసిన పటం. లంకల మీద వచ్చిన ప్రతి కేసులో స్కెచ్, కమిషనర్ రిపోర్టు, సర్వేయర్ కొలతలు ఎప్పటికీ ఉంచండి.

ఒక కట్టను నాలుగుగా విడదీయండి

మన తాలూకా ఆఫీసుల్లో ఫైలు ముగిసినప్పుడు ఆర్.డిస్, డి.డిస్ అని గుర్తు వేసేవాళ్లు. ఆర్.డిస్ అంటే ఎప్పటికీ ఉంచాల్సింది, డి.డిస్ అంటే పదేళ్లు, మిగతా గుర్తులకు ఇంకా తక్కువ. ఆ పద్ధతిలో గొప్పతనం ఏమిటంటే, ఫైలు మూసిన రోజునే, దాని గురించి బాగా తెలిసిన మనిషి, దాని ఆయుష్షు రాసేవాడు. మనం కూడా అదే చేయాలి. కాకపోతే కట్ట మొత్తానికి కాకుండా లోపలి భాగాలకు.

మొదటి భాగం ఎప్పటికీ ఉండేది. తీర్పు, డిక్రీ సర్టిఫైడ్ కాపీలు, అసలు దస్తావేజులు, రాజీ డిక్రీ, స్కెచ్‌లు, ఫుల్ శాటిస్‌ఫాక్షన్ నకలు, స్వాధీనం అప్పగించిన అమీనా (కోర్టు ఉద్యోగి) రిపోర్టు. ఎంత పెద్ద దావా అయినా ఇవి ఒక సన్న ఫైలులో పడతాయి. అసలు దస్తావేజుల విషయంలో ఇంకో లాభముంది. 30 ఏళ్లు దాటిన పత్రం సరైన చోట భద్రంగా ఉండి బయటికొస్తే, దాని మీద సంతకాలు నిజమైనవేనని కోర్టు భావించవచ్చు. పాత ఎవిడెన్స్ చట్టంలో ఉన్న ఈ వెసులుబాటు 2023 భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది. "సరైన చోట" అన్న మాట గమనించండి. పత్రం ఎవరి దగ్గర ఉండాలో వాళ్ల దగ్గరే ఉందని మీ రిజిస్టరు చూపించగలగాలి.

రెండో భాగం, హక్కు బతికున్నంత కాలం. ప్లెయింటు (దావా అర్జీ), జవాబు దావా, సాక్షుల వాంగ్మూలాలు, ఎగ్జిబిట్ల కాపీలు, ఈపీ కాగితాలు, బాకీ లెక్కల స్టేట్‌మెంట్లు. భూమి కేసులకు, డిక్రీ కేసులకు ముగింపు తేదీ నుంచి 12 ఏళ్లు, పైన రెండేళ్లు జాగ్రత్తకు. ఏటీసీ కేసులు, అంటే కౌలు తగాదాలు, నేను ఇందులోనే పెడతాను. అదే కౌలుదారు కొడుకుతో అదే చేను మీద మళ్లీ పేచీ రాకుండా ఉండదు. అప్పుడు తండ్రి ఇచ్చిన సాక్ష్యం చాలా విలువైనది.

మూడో భాగం ఖర్చుల కాగితాలు. ఫీజు రసీదులు, కోర్టు ఫీజు, ప్రయాణ ఖర్చులు. వీటికి లెక్కల చట్టాల గడువు సరిపోతుంది, కింద చెబుతాను.

నాలుగో భాగం వాయిదా చిట్టీలు, మూడేసి జెరాక్సులు, డ్రాఫ్టులు, "రేపు వాయిదా, సాక్షిని పంపండి" అన్న ఉత్తరాలు. కేసు ముగిశాక ఇవి ఒక ఏడాది చాలు. కట్ట బరువులో ఎక్కువ భాగం ఇవే. భయపడి అన్నీ దాచినవాళ్లు చివరికి అవసరమైన ఒక్క కాగితాన్ని ఈ గుట్టలో వెతుక్కోలేక ఓడిపోతారు.

నేను దగ్గర్నుంచి చూసిన ఒక సంఘటన చెబుతాను. ఒక సంస్థ అద్దె బకాయి దావా గెలిచింది. ఓడినతను అప్పుడు చేతిలో ఏమీ లేదన్నాడు. అయిదేళ్లకు కొత్త కార్యదర్శి వచ్చి, "అయిదేళ్లు దాటినవన్నీ తీసేయండి" అన్నాడు. ఎనిమిదో ఏట ఆ ఓడినతనికి ఆస్తి కలిసొచ్చింది. డిక్రీ కాపీ కోర్టులో దొరికింది, సరే. కానీ మధ్యలో అతను ఎంత కట్టాడు, ఎప్పుడు కట్టాడు అన్న లెక్క సంస్థ దగ్గర లేదు. అతను చెప్పిన అంకెకే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ డబ్బుతో స్కూలుకు రెండు గదులు వచ్చేవి. గెలిచిన కేసులో అలా నష్టపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

పన్నులు, లెక్కలు

ఇది ఆడిటరు గారితో కూర్చుని గంటలో తేల్చుకునే పని. మీది కంపెనీ అయితే లెక్కల పుస్తకాలు కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. జీఎస్టీ ఉంటే ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. ఆ లావాదేవీ మీద జీఎస్టీ అప్పీలు నడుస్తుంటే, అది ముగిశాక ఏడాది వరకు లేదా ఆ 72 నెలల వరకు, ఏది ఆలస్యమైతే అది. లెక్కల, ఖర్చుల కాగితాలకు అంతకంటే తక్కువ గడువు మీ పట్టికలో పడకూడదు. చట్టం చెప్పిన కనీస గడువుకు, లిమిటేషన్ లెక్కకు తేడా వస్తే పొడవైనదాన్నే తీసుకోండి.

ఎర్ర దారం కట్టిన కట్ట ఎవరూ ముట్టుకోకూడదు

గడువు తీరింది, తీసేసే జాబితాలోకి ఎక్కింది. ఇంతలో అదే భూమి మీద లీగల్ నోటీసు వచ్చింది. ఇప్పుడు ఆ కట్టను తీసేస్తే అది పొరపాటు అనిపించుకోదు. సాక్ష్యంగా తేవాల్సిన పత్రాన్ని కోర్టు ముందుకు రాకూడదని నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం. కంప్యూటరులో ఉన్న రికార్డుకు కూడా అది వర్తిస్తుంది.

అందుకని నోటీసు, సమన్లు, పోలీసు విచారణ, ఆడిట్ అభ్యంతరం, సమాచార హక్కు దరఖాస్తు, ఏదొచ్చినా ఆ రోజే సంబంధించిన కట్టలన్నిటికీ ఎర్ర దారం కట్టండి. రిజిస్టరులో ఎర్ర సిరాతో రాయండి. ఆఫీసు వాట్సాప్ సందేశాలు, ఈమెయిళ్లకు కూడా దారం కట్టినట్టే, ఎవరూ డిలీట్ చేయకూడదని చెప్పండి. దారం విప్పే అధికారం ఒక్కరికే ఉండాలి, అది కూడా ప్లీడరు గారి సంతకం ఉన్న చిట్టీ మీద. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే మీరు ఎంత చక్కటి గడువు పట్టిక తయారు చేసినా అది మిమ్మల్ని ఇరికిస్తుంది.

"స్కాన్ చేశాం కదా" అంటే సరిపోదు

స్కాన్ తప్పకుండా చేయండి. కానీ స్కాన్ ఉందని అసలు ప్రామిసరీ నోటును, అసలు రిజిస్టరు దస్తావేజును తీసేయకండి. కోర్టు ముందు అడిగేది అసలునే. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఏ యంత్రంలో తయారైంది, ఎవరి అదుపులో ఉంది, దాని హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తింపు సంకేతం) ఎంత, ఇవన్నీ అందులో రాయాలి. స్కాన్ చేసిన రోజున చేసినవాళ్ల పేరు, తేదీ, ఫైలు పేరు రిజిస్టరులో రాసి పెడితే, పదేళ్ల తర్వాత ఆ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన మనిషికి ఊతం ఉంటుంది. కాపీ ఒకటి ఆఫీసులో, ఒకటి వరద అందని ఊళ్లో ఉంచండి.

వరద, తేమ, చెదలు

గడువు పన్నెండేళ్లని రాస్తే చాలదు, కాగితం పన్నెండేళ్లు బతకాలి. 1986 ఆగస్టు వరదల్లో మా ఇంట్లోకి నీళ్లొచ్చాక మా నాన్నగారు భూమి కాగితాలను నులక మంచం మీద పరిచి, పైన చీర కప్పి నీడలో ఆరబెట్టడం నాకు గుర్తుంది. సిరా కారిపోయిన చోట ఆయన వేలితో తడిమి చూసేవారు. 1996 నవంబరు తుపానుకు పైకప్పులు లేచిపోయి తడిసిన రికార్డులు కోనసీమలో ఎన్నో. 2022 జూలైలో లంక ఊళ్లు మళ్లీ మునిగాయి.

శాశ్వత భాగాన్ని పై అంతస్తులో, ఇనుప బీరువాలో, కింది అర వదిలేసి పెట్టండి. గోడకు ఆనించకుండా జానెడు దూరం ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే మన గాలిలోని తేమకు లోపల బూజు పడుతుంది, గుడ్డలో కట్టడం నయం. రబ్బరు బ్యాండ్లు, గుండుసూదులు తీసేయండి. తుప్పు కాగితాన్ని తినేస్తుంది. ఏటా వానల ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి విప్పి గాలి తగలనివ్వండి.

తీసేసే రోజు

గడువు పట్టికను కమిటీ లేదా బోర్డు తీర్మానంతో ఆమోదింపజేయండి. తీసేసే ముందు జాబితా తయారుచేసి, కార్యదర్శి, లెక్కల గుమస్తా, ప్లీడరు గారు ముగ్గురూ సంతకం పెట్టాలి. ఎర్ర దారం లేదని ఇంకోసారి చూడాలి. ఏ కేసు, ఏ భాగం, ఏ గడువు ప్రకారం, ఏ రోజు తీసేశారో ఒక రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరును మాత్రం ఎప్పుడూ తీసేయకూడదు. రేపు కోర్టులో "ఆ కాగితం ఏది?" అని అడిగితే, మామూలు పద్ధతిలో, మంచి ఉద్దేశంతో తీసేశామని చూపించేది అదొక్కటే.

కాగితాలను పాత పేపర్లకు అమ్మకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. మన ఊళ్లలో ఆ కాగితం మర్నాటికి బజ్జీల పొట్లమవుతుంది. ఒకసారి నా చేతికొచ్చిన పొట్లంలో ఒక ఆడమనిషి మనోవర్తి కేసు వాంగ్మూలం ఉంది. పేరు, ఊరు, ఆమె కోర్టులో చెప్పుకున్న బాధ, అన్నీ నూనె మరకల మధ్య. ఏ ఆఫీసు నుంచి వచ్చిందో తెలియదు. ఆ పొట్లం విప్పి తినలేకపోయాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, డిజిటల్ రూపంలో ఉన్న మనుషుల వివరాలను అవసరం తీరాక, వేరే చట్టం ఉంచమనకపోతే, తుడిచేయాలనే చెబుతోంది. స్కాన్ కాపీలకు ఇది వర్తిస్తుంది. కాగితాలను ముక్కలు చేసే యంత్రం కొనండి, లేదా ఇద్దరు నిలబడి తగలబెట్టించండి. కంప్యూటరులో, ఫోనులో, పెన్‌డ్రైవులో ఉన్న కాపీలూ అదే రోజు పోవాలి.

ఏ కట్ట ముందు విప్పాలి

ఇంతా చదివాక మీ అటక చూస్తే టెన్షన్ వస్తుంది, సహజం. అన్నీ ఒకే వారంలో చేయనక్కర్లేదు. డిక్రీ వచ్చి ఈపీ వేయనివి ముందు తీయండి. వాటికి పన్నెండేళ్ల లెక్క ఇప్పుడు కూడా నడుస్తోంది. తర్వాత మాండేటరీ ఇంజంక్షన్ డిక్రీలు, ఆ తర్వాత చెల్లు ఉన్న నోట్లు, ఆ తర్వాత కోర్టులోంచి తిరిగి తెచ్చుకోవాల్సిన అసలు దస్తావేజులు. మామూలు ఖర్చుల కాగితాలు చివరికి. డిక్రీ కట్టల్లో గడువుకు ఏడాది కూడా మిగలనిది కనబడితే రిజిస్టరు పని ఆపేసి, ఆ సాయంత్రమే ప్లీడరు గారికి ఫోన్ చేయండి.